ఉత్త చేతులు

మనిషి కుప్పకూలితే అందరూ ముందు మందుల షాపుకే పరుగెత్తుకొస్తారు. ముప్పై ఏళ్లకు పైగా కౌంటర్ వెనక నిలబడ్డ నాకు, ఆ పరుగు వృథా అని రెండు చావులు చూశాక గాని తెలియలేదు.

1994 జనవరి. జంషెడ్‌పూర్ చలికి భాలుబాసాలో రాత్రి తొమ్మిదింటికే వీధులు ఖాళీ అయిపోయేవి. షట్టర్ సగం దించి లెక్కలు చూసుకుంటున్నాను. మా వీధి చివరింటి కుర్రాడు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "బాబాయ్, మా నాన్న పడిపోయాడు. డాక్టరు గారు సూది మందు తెమ్మన్నారు. బేగి ఇయ్యి" అన్నాడు. చేతిలో నలిగిన చీటీ. అందులో ఒకే ఒక్క పేరు: అడ్రినలిన్.

అది రోజూ అమ్ముడయ్యే సరుకు కాదు. ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. ఒక అర చూశాను, రెండో అర చూశాను. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసాల వెనక వెతికాను. చివరికి ఓ అట్టపెట్టె అడుగున రెండు ఆంపూల్స్ దొరికాయి. సిరంజి జేబులో వేసుకుని ఆ కుర్రాడి వెంట నేనూ పరుగెత్తాను. డాక్టరు గారు పొడవాటి సూది తీసి ఛాతీలోకే గుచ్చారు. గుండెలోకి నేరుగా సూది వెయ్యడం అప్పటికి చాలామంది పాత డాక్టర్ల అలవాటు. సినిమాల్లో కూడా అలాగే చూపించేవారు. సినిమాలో అయితే ఆ తర్వాత మనిషి కళ్లు తెరుస్తాడు. ఇక్కడ తెరవలేదు.

ఆ గదిలో పది మందిమి ఉన్నాం. ఒకరు తల ఒళ్లో పెట్టుకున్నారు. ఒకరు అరికాళ్లు రాశారు. ఒకరు మొహాన నీళ్లు చల్లారు. ఒకామె విసనకర్రతో విసిరింది. ఆంపూల్ అందించాక నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పడిపోయినప్పటి నుంచి సూది పడేదాకా పావుగంటకు తక్కువ పట్టి ఉండదు. ఆ పావుగంటలో ఆయన ఛాతీ మీద ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

నేను ఇంటికి తీసుకెళ్లిన బాధ మాత్రం వేరు. రెండు నిమిషాలు ముందు ఆ పెట్టె దొరికి ఉంటే ఆయన బతికేవాడేమో అనుకున్నాను. మర్నాడే అడ్రినలిన్ ఆంపూల్స్ ఒక డబ్బాలో సర్ది, ఎర్ర కాగితం అంటించి, చెయ్యి చాస్తే అందే చోట పెట్టాను. గడువు తేదీ చూసి మారుస్తూ ఇరవై నాలుగేళ్లు దాన్ని కాపాడుకున్నాను. చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం లాగా.

మందుల బాబాయి

మా తాత టెక్కలి వైపు నుంచి వచ్చాడు. 1907లో టాటా కంపెనీ ఏర్పడి, 1912లో ఇక్కడ ఉక్కు తయారీ మొదలయ్యాక శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి మనవాళ్లు తండోపతండాలుగా వచ్చారు. ఖరగ్‌పూర్‌లో బండి మారి టాటానగర్ చేరిన వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు కదమా, బిష్టుపూర్, టెల్కో, సీతారాండేరా, మా భాలుబాసా దాకా పరుచుకుని ఉన్నారు. మేం ఇంట్లో సిక్కోలు తెలుగు, వీధిలో హిందీ, కంపెనీ గేటు దగ్గర రెండూ కలిపి మాట్లాడతాం. అన్నయ్య నాన్న బాటలో ప్లాంటుకు వెళ్లాడు. నాకు ఉద్యోగం రాలేదు. ఫార్మసీ డిప్లొమా చేసి 1986లో షాపు పెట్టాను. హిందీవాళ్లకు 'దవాయివాలా'ని, మనవాళ్లకు 'మందుల బాబాయి'ని.

ఈ పేరుకో బరువుంది. ఎవరికి ఏమైనా ముందు నాకే ఫోన్. అంబులెన్స్‌కు ఆ తర్వాతే. ఆంధ్రప్రదేశ్‌లో 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది. మా ఝార్ఖండ్‌కు వచ్చేసరికి 2017 అయింది. అన్నేళ్లూ వీధికి మందుల షాపువాడే అత్యవసర విభాగం. అంబులెన్స్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

2018లో మా తెలుగువాళ్ల హాల్లో ఓ శిక్షణ పెట్టారు. మత్తు డాక్టరు ఒకాయన రబ్బరు బొమ్మను తెచ్చి నేల మీద పడుకోబెట్టారు. నేను మందులవాణ్ణి కదా, ముందు వరసలో కూర్చుని అడిగాను. "సార్, గుండె ఆగిపోతే మొదట ఏ ఇంజెక్షన్ ఇవ్వాలి?"

ఆయన నవ్వి ఎదురు ప్రశ్న వేశారు. "చేతి నరంలోకి మీరే ఇంజెక్షన్ ఇచ్చారనుకోండి. గుండె ఆగింది, రక్తం నిలిచిపోయింది. మీరిచ్చిన మందు మోచేతి దగ్గర నుంచి గుండె దాకా ఎలా వెళుతుంది?"

నా దగ్గర జవాబు లేదు. పాతికేళ్లకు పైగా మందులు అమ్మినవాణ్ణి, మందు నడవాలంటే రక్తం నడవాలన్న మాట ఒక్కసారైనా ఆలోచించలేదు. గుండె నడపలేనప్పుడు రక్తాన్ని నడిపేది ఛాతీ మీద నొక్కే చేతులే. అంబులెన్స్‌లోని శిక్షణ పొందిన సిబ్బంది కూడా నొక్కుతూనే మందు ఎక్కిస్తారు. వెనకాలే సెలైన్ తోసి, చెయ్యి పైకెత్తి పడతారు. మందు అక్కడే నిలిచిపోకుండా ముందుకు పోవాలని.

ఆయన ఇంకో తేడా కూడా విడమరిచి చెప్పారు. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో గుండెకు రక్తం తెచ్చే నాళం పూడుకుపోతుంది. మనిషి చెమటలు కక్కుతూ, ఛాతీ పట్టుకుని, మాట్లాడుతూనే ఉంటాడు. కార్డియాక్ అరెస్ట్‌లో పంపే ఆగిపోతుంది. పిలిస్తే పలకడు, ఊపిరి ఉండదు, లేదా గురకలాగా ఎక్కడో ఒక ఎగశ్వాస వస్తుంది. ఆ ఎగశ్వాస చూసి బతికే ఉన్నాడని ఊరుకోవడమే చాలామంది చేసే పొరపాటు. మొదటిది రెండోదిగా మారడానికి ఒక్క క్షణం చాలు. కార్డియాక్ అరెస్ట్‌లో సాయం అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎర్ర డబ్బా తెరిచి చూశాను. 1994లో ఆలస్యమైంది ఆంపూల్ కాదు. అక్కడే ఉన్న ఇరవై చేతులు.

ఆ నాలుగు నిమిషాలు

2019 ఏప్రిల్. ఉదయం ఆరు కాలేదు. ఏ షిఫ్ట్‌కు వెళ్లేవాళ్ల సైకిళ్లు, మోటార్ సైకిళ్లు వీధిలో కదులుతున్నాయి. ఫోన్ మోగింది. అన్నయ్య కొడుకు. "చిన్నాన్నా, నాన్న టీ తాగుతా పడిపోయాడు. మాటాడతన్నేడు. మందు పట్టుకుని బేగి రా."

"వస్తన్నాను, అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యి" అని ఫోన్ పెట్టేశాను. వాళ్లిల్లు రెండు వీధుల అవతల. ఈసారి డబ్బా కోసం చూడలేదు. మందు తీసుకోలేదు. లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తాను. గుమ్మంలో వదిన అడిగింది. "మందేదీ?"

"తేలేదు వదినా" అంటూ లోపలికెళ్లాను.

అన్నయ్యను మంచం మీదకెక్కించారు. నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టారు. కాళ్లు రాస్తున్నారు. ఇద్దరం కలిసి కిందికి దించాం. నేను మోకాళ్ల మీద కూర్చుని, రెండు రొమ్ముల మధ్య ఎముక మీద అరచెయ్యి ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కడం మొదలుపెట్టాను. నిమిషానికి వందకు తగ్గకుండా, నూట ఇరవై దాటకుండా. రెండు అంగుళాలు లోపలికి దిగేలా. ఒక పక్కటెముక పటుక్కుమంది. వదిన కేక పెట్టింది. డాక్టరు గారు ముందే చెప్పారు, ఎముక అతుక్కుంటుంది, ఆపొద్దని. రెండు నిమిషాలకే చేతులు పీకాయి. అబ్బాయికి చూపించి వాడి చేత నొక్కించాను. అలా మార్చుకుంటూ ఇరవై నిమిషాలు.

అంబులెన్స్ వచ్చింది. ఛాతీకి ప్యాడ్లు అంటించి ఒకసారి షాక్ ఇచ్చారు, మళ్లీ నొక్కారు, మళ్లీ ఇచ్చారు. చేతికి సూది పెట్టి అడ్రినలిన్ ఎక్కించారు. ఒక మిల్లీగ్రాము. మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి అదే మోతాదు. మూడో మోతాదు తర్వాత నాడి దొరికింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. పాతికేళ్ల బాకీ తీరిందనుకున్నాను.

అన్నయ్య ఐసీయూలో పదకొండు రోజులున్నాడు. గుండె కొట్టుకుంది. బీపీ నిలబడింది. కళ్లు మాత్రం తెరవలేదు. పిలిస్తే పలకలేదు. మెదడుకు ప్రాణవాయువు అందని సమయం ఎక్కువైందని డాక్టర్లు చెప్పారు. నేను రోజూ అదే అడిగేవాణ్ణి. "ఇంజెక్షన్ పనిచేసింది కదండీ, నాడి వచ్చింది కదండీ." వాళ్లు ఓపిగ్గా తలూపేవారు. తొమ్మిదో రోజున అద్దం తలుపు బయట బెంచీ మీద కూర్చున్న వదిన నా వైపు చూడకుండానే అంది. "గుండొచ్చింది బాబూ. మనిసి రానేదు."

పన్నెండో రోజు తెల్లవారకముందే గుండె కూడా వెళ్లిపోయింది.

గుండెకు మేలు, మెదడుకు?

విశాఖలో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి పెద్దనాన్న కార్యానికి వచ్చింది. రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు నా నోట అదే మాట. మూడో మోతాదుకు వచ్చిన నాడి మొదటి మోతాదుకే వచ్చి ఉంటే? అంబులెన్స్ ఇంకాస్త ముందొచ్చి ఉంటే? అది నా మాట ఆపి చెప్పింది.

"నాన్నా, ఆ మందు మీద బ్రిటన్‌లో పెద్ద పరీక్షే జరిగింది. నిరుడే ఫలితాలు వచ్చాయి."

వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన గావిన్ పెర్కిన్స్ బృందం చేసిన ఆ పరీక్ష పేరు పారామెడిక్-2. ఆసుపత్రి బయట గుండె ఆగిన 8,014 మందిని తీసుకున్నారు. అంబులెన్స్ సిబ్బంది సగం మందికి అడ్రినలిన్, సగం మందికి ఉత్త సెలైన్ ఎక్కించారు. ఎవరికి ఏది వెళ్లిందో ఎక్కించేవాళ్లకూ తెలియదు. జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకమినె 1901లో శుద్ధి చేసి ప్రపంచానికి చూపిన మందు అది. దశాబ్దాలుగా గుండె ఆగిన ప్రతివాడికీ ఇస్తున్నారు. ఇంత పెద్ద ఎత్తున ఉత్త సెలైన్‌తో పోల్చి చూడటం మాత్రం అదే మొదటిసారి.

ఫలితం సూటిగా లేదు. నెల రోజుల తర్వాత బతికి ఉన్నవాళ్లు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, సెలైన్ వర్గంలో 2.4 శాతం. అంటే మందు పనిచేస్తుంది. కానీ తన పనులు తాను చేసుకోగల స్థితిలో ఆసుపత్రి నుంచి బయటపడ్డవాళ్లు 2.2, 1.9 శాతం. ఆ తేడాను తేడాగా లెక్కించలేమన్నారు. బతికి బయటపడ్డవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు అడ్రినలిన్ వైపు 31 శాతం, సెలైన్ వైపు 17.8 శాతం.

ఎందుకిలా? అడ్రినలిన్ ఒంట్లోని రక్తనాళాలను బిగిస్తుంది. దాంతో గుండెకు దగ్గరి నాళాల్లో ఒత్తిడి పెరిగి, గుండె కండరానికి రక్తం అందుతుంది. అది మళ్లీ కదులుతుంది. కానీ ఆ బిగింపు వల్లే మెదడులోని అతి సన్నని నాళాల్లో ప్రవాహం తగ్గుతుందని జంతువుల మీద చేసిన పరిశోధనలు చూపాయి. అదీగాక, ఆకలికి ఓర్చుకోవడంలో గుండెకూ మెదడుకూ పోలిక లేదు. ఆలస్యంగా వచ్చిన మందు గుండెను లేపగలదు. అప్పటికే వెళ్లిపోయిన మెదడును లేపలేదు.

"అయితే ఆ మందు ఇవ్వకూడదా?" అన్నాను.

"ఇవ్వాలి నాన్నా. ఇప్పటికీ ఇస్తున్నారు. షాక్ ఇవ్వడానికి వీల్లేని లయలో ఆగిన గుండెకయితే ఎంత తొందరగా ఇస్తే అంత మంచిదంటారు. కానీ అదే పత్రంలో ఇంకో లెక్క ఉంది, అది చూడు" అని కాగితం మీద రాసి చూపించింది. ఒక ప్రాణం అదనంగా నిలవాలంటే 112 మందికి అడ్రినలిన్ ఇవ్వాలి. పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ నొక్కితే 15 మందిలో ఒకరు దక్కుతారు. గుండె ఆగిందని వెంటనే గుర్తిస్తే 11 మందికి ఒకరు. త్వరగా షాక్ యంత్రం అందితే 5 మందికే ఒకరు.

అన్నిటికంటే నన్ను నిలేసిన అంకె ఇంకోటి. అంబులెన్స్ ఏడు నిమిషాల్లోపే చేరే ఆ దేశంలో కూడా ఫోన్ చేసినప్పటి నుంచి మందు పడేదాకా సుమారు 21 నిమిషాలు పట్టింది. దారిలో సాక్చీ గోల్‌చక్కర్ ట్రాఫిక్ లేకుండానే 21 నిమిషాలు. అప్పటిదాకా ఆ మనిషి ఎవరి చేతుల్లో ఉన్నాడన్నదే అసలు ప్రశ్న.

ఇది వింటే మందులు పనికిరావని అనిపించవచ్చు. అది నా ఉద్దేశం కాదు. 2016లో అమెరికా, కెనడాల్లో అమియోడరోన్, లిడోకైన్ మీద చేసిన పరీక్ష చూడండి. షాక్‌కు లొంగని గుండెలకిచ్చే మందులవి. మొత్తం మీద చూస్తే సెలైన్‌తో పోల్చితే గట్టి తేడా కనిపించలేదు. కానీ కళ్లెదుట ఎవరైనా చూస్తుండగా పడిపోయినవాళ్లలో మాత్రం మందు పడ్డవాళ్లు ఎక్కువమంది బతికారు. కళ్లెదుట పడిపోతే ఫోనూ, చెయ్యీ, షాకూ అన్నీ తొందరగా అందుతాయి. మందు చివరి మెట్టు. కింది మెట్లు లేకపోతే పై మెట్టు గాల్లో ఉంటుంది.

ఫోన్‌లో చెప్పని మాట

ఆ రాత్రి అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది. నన్ను నొప్పించాలని కాదు, నర్సు అలవాటు కొద్దీ. "అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నువ్వేం చెప్పావు?"

"వస్తన్నానని. అంబులెన్స్‌కు చెప్పమని."

అది ఇంకేమీ అనలేదు. అవసరం లేదు. పెద్దన్నయ్య పడిపోయినప్పుడు గదిలో ఇద్దరున్నారు. వాడికి ఇరవై ఎనిమిదేళ్లు, దిట్టమైన చేతులు. ఫోన్ పెట్టెయ్యకుండా, "కింద పడుకోబెట్టు, ఛాతీ మధ్య గట్టిగా నొక్కు, నేను వచ్చేదాకా ఆపకు" అని ఉంటే మొదటి నాలుగు నిమిషాలు ఖాళీగా పోయేవి కావు. నాకు తెలుసు. నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. అయినా, నేను వెళ్లి నొక్కుతాననుకున్నాను. 1994లో మందు వస్తే బతుకుతాడనుకున్నాను. 2019లో నేను వస్తే బతుకుతాడనుకున్నాను. రెండుసార్లూ వచ్చేదాని మీదే నమ్మకం పెట్టుకున్నాను. అక్కడ ఉన్నదాన్ని వాడుకోలేదు.

ఆ నాలుగు నిమిషాలు దక్కితే అన్నయ్య లేచి కూర్చునేవాడని నేను ప్రమాణం చెయ్యలేను. అన్నీ సవ్యంగా జరిగినా దక్కనివాళ్లే ఎక్కువ. 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో నందమూరి తారకరత్న కుప్పకూలినప్పుడు చుట్టూ జనం ఉన్నారు, డాక్టర్లు శ్రమపడ్డారు, గుండెను తిరిగి కొట్టించారు. బెంగళూరులో మూడు వారాలు పోరాడి ఫిబ్రవరి 18న వెళ్లిపోయాడు. ఆయనకు నలభై కూడా నిండలేదు. టీవీలో ఆ బులెటిన్లు వస్తున్నన్నాళ్లూ వదిన చానెల్ మార్చమనేది. అదే ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ కూడలిలో బస్సు దిగి పడిపోయిన ఒకతన్ని ట్రాఫిక్ కానిస్టేబుల్ నడిరోడ్డు మీదే ఛాతీ నొక్కి బతికించిన వీడియో కూడా వచ్చింది. దాన్ని మాత్రం ఆమె రెండుసార్లు చూసింది. ఆ కానిస్టేబుల్ దగ్గర మందు లేదు, మాత్ర లేదు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణను పెద్ద ఎత్తున చేపట్టింది.

కొత్త విద్యేం కాదు. 1960లోనే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కూవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కి గుండెను నడపొచ్చని చూపించారు. రెండు చేతులుంటే చాలన్నారు. మన దేశంలో మత్తు డాక్టర్లు 2017లో మామూలు జనం కోసం ప్రచురించిన మార్గదర్శకాల్లో నోట్లో ఊపిరి ఊదడం కూడా తీసేశారు. నొక్కితే చాలన్నారు. చిన్నపిల్లలకూ, నీళ్లలో మునిగినవాళ్లకూ ఊపిరి కూడా అందించాలి. అది నేర్చుకున్నవాళ్లు చెయ్యాలి.

ఇప్పుడు షాపు మా చిన్నవాడు చూసుకుంటున్నాడు. నేను సాయంత్రాలు కూర్చుంటాను. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంటి వరండాలో ఆడవాళ్లకూ, కాలేజీ పిల్లలకూ గట్టి దిండు మీద నొక్కడం చూపిస్తాను. ఆడవాళ్లు ఎందుకంటే పగటిపూట ఇళ్లల్లో ఉండేది ఎక్కువగా వాళ్లే. మొదటి నాలుగు నిమిషాలూ వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. వదిన ప్రతిసారీ వస్తుంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి నేల మీద కూర్చోలేక కూర్చుని, మోచేతులు వంగకుండా ముప్పై లెక్కపెడుతుంది. ఎందుకు నేర్చుకుంటున్నావని ఎవరూ అడగరు.

కౌంటర్ మీద ఒక బోర్డు పెట్టించాను. పైన హిందీలో, కింద తెలుగులో:

"మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే ఇక్కడికి పరుగెత్తుకు రావద్దు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఇంకొకరు ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. తెలివి లేని మనిషి నోట్లో మాత్ర, నీళ్లు పొయ్యకండి. తెలివిగా ఉండి ఛాతీ నొప్పి అంటుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

మొన్న ఒక పాత ఖాతాదారు ఆ బోర్డు చదివి నవ్వాడు. "ఏం బాబాయ్, గిరాకీని నువ్వే వద్దంటున్నావు?"

"నువ్వు నొక్కి బతికిస్తే, తర్వాత నెలనెలా మందులకు ఇక్కడికే కదా రావాలి" అన్నాను. అతను ఇంకా నవ్వాడు. నేను అతని చేతులు పట్టుకుని, కౌంటర్ మీదే ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను.